డబ్బా చప్పుడుకు లేచే డేగ

పావురాలంటే నాకు ఒళ్లుమంట. శాంతికి గుర్తట! ఆ మాట అన్నోనితోని మా బాల్కనీ ఒక్క నెల కడిగిస్తే తెలుస్తది. మేముండేది రెజిమెంటల్ బజార్‌ల, నాలుగంతస్తుల పాత బిల్డింగ్‌ల మూడో అంతస్తు. ఏసీ మీద పావురాలు, కిటికీ చువ్వల నడుమ పావురాలు, బట్టలారేసే తీగె మీద పావురాలు. పొద్దుగాల ఉతికిన చీర పొద్దుమీకి మళ్ల ఉతుకుడే.

ఉతుకుడంటే ఉతుకుత, అసలు తక్లీఫ్ అది కాదు. మా ఆయన ఊపిరి. ముందు పొడిదగ్గు షురూ అయింది, తర్వాత మెట్లెక్కితే ఆయాసం, ఆఖరికి రైల్వే ఆఫీసు నౌకరీకి పోవుడు సుత బంద్ అయింది. డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "మీ ఇంటి చుట్టు పావురాలున్నయా?" అని అడిగింది. రెట్ట ఎండి దుమ్మయి, ఆ దుమ్ము లోపలికి పోయి ఊపిరితిత్తులు గట్టిపడుతున్నయట. "పాడైంది మళ్ల రాదు. ఉన్నదన్న కాపాడుకోవాలంటే పావురాలు దూరం కావాలె" అని చెప్పింది.

దూరం చేద్దామంటే పైనింటావిడ ఉన్నది గదా, మహాతల్లి! ఆమె మొగుడు పోయిన కాడి నుంచి ఆయన పేరు మీద రోజూ మిద్దె మీద పావురాలకు జొన్నలు ఏస్తది. ఏసుడంటే ఊకె ఏసుడు కాదు. స్టీలు డబ్బాను గరిటెతోని టంగు టంగున కొడుతది. ఆ చప్పుడు ఇని స్టేషన్ రేకుల మీద, మోండా మార్కెట్ కప్పుల మీద ఉన్న పావురాలన్నీ గుంపులు గుంపులుగ మా నెత్తి మీదికే వస్తయి. తినేది పైన, రెట్ట ఏసేది మా ఇంట్ల.

"అక్కా, నీ కాళ్లు మొక్కుత, జెర బంద్ పెట్టు. మా ఆయనకు ఊపిరాడుతలేదు" అని పోయి అడిగిన.

"మూగజీవాలు చెల్లే. వాటికి గింజలు ఏయకుంటే పైన మా ఆయనకు బుక్క ముట్టదు" అన్నది.

పోయినాయన ఆకలి మీద ఉన్న ఫికర్ బతికున్నోని ఊపిరి మీద లేదు చూడుండ్రి. ఆ దినం నుంచి మాకు మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఆమె మొకం తిప్పుకునేది, నేను చెప్పులు టపటప కొట్టుకుంట పోయేదాన్ని.

దీపావళి అయిపోయి చలి మొదలైనంక, ఎదురుంగ ఉన్న సెల్ టవర్ మీద ఒక పక్షి వచ్చి కూసున్నది. గల్లీల అందరు గద్ద అన్నరు. మా ఆయన బాల్కనీ కుర్చీలకెళ్లి చూసి, "గద్ద కాదే, డేగ. బైరి డేగ అంటరు" అన్నడు. కండ్ల కింద నల్లటి చారలు, మీసాలు దిగినట్టు. గద్దయితే మటన్ దుకాణం మీద చక్కర్లు కొడుతది, పారేసిన తునకలు ఏరుకుంటది. దీనికి పారేసింది పనికిరాదు. కూసున్న పావురం జోలికి సుత పోదు. గాలిల ఎగిరేదాన్నే కొడుతది.

మొదటిసారి చూసినప్పుడు నేను బట్టలు ఆరేస్తున్న. డేగ పైపైకి పోయి చుక్కంత అయింది. రెక్కలు ముడిచి రాయి లెక్క పడ్డది. తడిబట్ట బండకేసి కొట్టినట్టు ఒక చప్పుడు. నడిమిట్ల ఈకలు లేచినయి. పావురం కింద పడకముందే కాళ్లతోని పట్టుకొని, టవర్ మీదికి తీస్కపోయి తాపీగ పీకుడు షురూ చేసింది. నేను చప్పట్లు కొట్టిన. అవును, కొట్టిన!

కొన్ని దినాలు చూస్తే మాకొకటి సమజైంది. ఆ డేగ పొద్దున్నుంచి కునుకుతున్నట్టే ఉంటది. డబ్బా టంగుమనంగనే తల తిప్పి, లేచి, పైపైకి పోతది. పావురాలు ఆకలి మీద రోడ్డు దాటి ఖాళీ ఆకాశంలకు వస్తయి. ఇంకేముంది, దానికి పళ్లెంల పెట్టినట్టే. పైనామె ఏమో "పాపిష్టి గద్ద" అని శాపనార్థాలు పెట్టి, పావురాలు భయపడి వస్తలేవేమో అని డబ్బా ఇంక గట్టిగ కొట్టేది. ఆమె ఎంత కొడితే డేగకు అంత అల్కగయ్యేది.

నేను ఆమెకు ఈ సంగతి చెప్పలే. ఎందుకు చెప్తా? పావురాలు బెదిరినయి, ఏసీ మీద ఖాళీ అయింది. ఎన్నో నెలలకు కిటికీ తెరిచినం. మా ఆయన దగ్గకుండ చాయ్ తాగిండు. నేను ఆ డేగకు మనసుల దండం పెట్టుకున్న.

ఒక దినం పొద్దుగాల డబ్బా మోగలే. తెల్లారి సుత మోగలే. చూస్తే పావురాలు ఒకటొకటే గోడలు పట్టుకొని మెల్లగ పైకి పోతున్నయి. పైనామె చప్పుడు చెయ్యకుండ జొన్నలు పోసి పోయింది. డేగ టవర్ మీద కూసొని కూసొని, బోయిన్‌పల్లి దిక్కు పోయింది. మళ్ల రాలే. మా ఏసీ మీద మళ్ల గుర్రుగుర్రు.

"ఆమెకెవరు చెప్పిండ్రు?" అన్న.

"నేనే. నువ్వు కూరగాయలకు పోయినప్పుడు" అన్నడు మా ఆయన.

మెట్లు ఎక్కి పోయిండట! బాత్రూమ్ దాక పోతేనే రొప్పే మనిషి, నడుమ కూసొని కూసొని పై అంతస్తుకు పోయి చెప్పి వచ్చిండట.

"నీకు దిమాగున్నదా? ఆ పావురాలు నిన్ను తింటున్నయి. నీకు బతకాలని లేదా?" అని ఒర్రిన. గల్లీ అంత ఇన్నా ఇననీ.

ఆయన దమ్ము తీసుకున్నడు. "ఉన్నదే. ఎందుకుండది?" అన్నడు. మళ్ల దమ్ము తీసుకున్నడు. "కానీ ఆమె మొగుని పేరు మీద పిలుస్తున్నది. ఆ పిలుపే వాటిని చంపుతున్నదని... ఎప్పుడో ఒకనాడు ఆమెకే తెలుస్తే... ఎట్ల బతుకుతది చెప్పు?"

అంత మాట చెప్పేసరికి మొకం నీలమైంది. వీపు రాసుకుంట పక్కన కూసున్న. ఇసోంటి మనిషికి గింత ఊపిరే ఇచ్చినోడు ఎవడో గానీ, ఆ పొద్దు నా ముంగటికి వస్తే చెప్పుతోని కొట్టేదాన్ని.