బొటనవేలి మీద కత్తిగాటు

చచ్చిపోయిన మనిషిని ఆధార్ కార్డు తెమ్మని వెనక్కి పంపిన వకీలు బస్తర్ మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

జగదల్‌పూర్‌లో ఒక లా ఫర్మ్‌లో కార్మికుల కేసులు చూస్తాను. దెయ్యాలున్నాయని ఏనాడూ నమ్మలేదు. సాక్ష్యం లేకపోతే దేవుణ్ణయినా వాయిదా వేసే వృత్తి నాది. న్యాయవాదినే గానీ భూతవాదిని కాను.

కేసు సీతమ్మది. భేజ్జి అనే ఊరి నుంచి వచ్చి, గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు క్యాంటీన్‌లో తొమ్మిదేళ్లు వంట చేసింది. ఒకరోజు ఉన్నట్టుండి పొమ్మన్నారు. పని తిరిగి ఇప్పించమని లేబర్ కోర్టుకెళ్తే మేనేజరు ప్రమాణం చేసి మరీ, "ఈవిడ మొహం కూడా నేనెప్పుడూ చూడలేదండీ" అన్నాడు. హాజరు రిజిస్టర్‌లో ఆమె పేరు లేదు. ఓడిపోతామని నాకు తెలుసు. ఆమెతో చెప్పే ధైర్యమే లేదు.

మర్నాడు పట్టపగలు పన్నెండింటికి, భుజాన తువ్వాలుతో ఒకాయన ఆఫీసుకొచ్చాడు. కిష్టారం ఊరి రామయ్యనని, సీతమ్మతో కలిసి వంట చేశానని చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"హాజరీ బుక్కుల వంటోళ్ల పేర్లు ఏడుంటయి వకీల్ సాబ్? గ్యాస్ బండలు దింపిన దినం స్టోరు బుక్కుల మాతోటి వేలిముద్ర ఏపిచ్చుకునేటోళ్లు. అది తెప్పియ్యుండ్రి."

నేను చేసిన ఘనకార్యం వినండి. ఆయన చెప్పింది రాసుకుని, కింద వేలిముద్ర వేయించుకుని, ఆధార్ కార్డు లేకపోతే కోర్టు లెక్కలో నువ్వు లేనట్టేనని క్లాసు పీకాను.

ఆయన నవ్వాడు. "మీరన్నది నిజమే సాబ్" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం సీతమ్మ వస్తే గొప్పగా ఆ కాగితం చూపించాను.

"ఏంది సార్, రామయ్యన్న వానకాలంలనే పాయె. దినాలకు నేనే వండిన" అంది. ముద్రను అడ్డంగా కోసిన తెల్లగీత మీద వేలు పెట్టి చూసింది. "ముద్ర మాత్రం అన్నదే. ఉల్లిగడ్డ కోస్తుంటే తెగింది. నేనే పసుపు పెట్టి కట్టిన."

ఆ కాగితం కోర్టులో పెట్టలేదు. ఏ మొహంతో పెట్టను? స్టోరు రిజిస్టర్ మాత్రం తెప్పించమని కోర్టును అడిగాను. వచ్చింది. తొమ్మిదేళ్ల పాటు, దింపిన ప్రతి బండకూ ఎదురుగా వంటమనిషి పేరు, ముద్ర. చాలాచోట్ల సీతమ్మది. కొన్నిచోట్ల రామయ్యది, అదే తెల్లగీతతో.

ఎవరో వేషం వేసుకొచ్చారని సరిపెట్టుకుందామంటే ఆ గీత ఒప్పుకోవడం లేదు. కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

కోర్టు ఉత్తర్వుతో సీతమ్మకు పని తిరిగొచ్చింది. ఉత్తర్వు అమలైందో లేదో చూడాలన్న మిషతో ఒక మధ్యాహ్నం ఆ క్యాంటీన్‌కు వెళ్లి, కావాలనే మేనేజరు ఎదురుగా కూర్చున్నాను. ఆమె ఆయన కంచంలో పప్పు వడ్డిస్తోంది.

"ఈవిడెవరండీ?" అన్నాను అమాయకంగా.

ఆయన నోట్లో ముద్ద ఆగింది. "సీతమ్మగారండీ" అని గొణిగాడు.

"వినపడలేదండీ" అన్నాను.

ఈసారి క్యాంటీనంతా వినేలా చెప్పాడు.