పైదే

"...పదకొండేళ్ళుగా జనం పైనుంచి కిందికే చదువుతున్నారు, బతికే ఉన్నారుగా!"

"ఫోన్లో అరవై వరుసలు ఎవరు చదువుతారు బాబాయ్? వేలితో నొక్కితే వాళ్ళకి కావలసింది పైకి రావాలి."

"వరుసంటూ ఒకటి ఏడ్చాక, ఎవడికి కావలసినట్టు వాడు మార్చుకుంటానంటే ఎలాగమ్మా?"

ఆ పెద్దాసుపత్రి వెబ్‌సైటులో టేబుళ్ళన్నీ ఆ బాబాయ్ చేతివే. ఏ పరీక్ష, ఏ గదిలో, ఎన్ని గంటలకు అన్నది గళ్ళలో సర్దుతాడు కనుక అందరికీ గళ్ళాయన. గళ్ళు గీయడంలో ఎంత పట్టుదలో, నింపడంలో అంత పొదుపు. పై వరుసలో ఉన్న మాటే మళ్ళీ రావలసి వస్తే 'పైదే' అని రాసి ఊరుకునేవాడు. ఆ పొదుపు ఇంట్లోనూ ఉంది. కూరేం చేయమంటారని భార్య అడిగితే "నిన్నటిదే" అనేవాడు. మీటింగుల్లో తన వంతు వస్తే, ముందు మాట్లాడినవారి వైపు చెయ్యి చూపించేవాడు. అలా ఎవరితోనూ తగవు లేకుండా నెట్టుకొచ్చాడు.

ఇప్పుడు ఆయనతో వాదిస్తున్న పిల్ల కాంట్రాక్టు మీద వచ్చిన ప్రోగ్రామరు. టేబుళ్ళు తయారుచేయడానికి ఆమె తెచ్చిన కొత్త ఎడిటర్లో టేబుల్ పక్కన ఒక టిక్కు పెడితే చాలు, చూసేవాళ్ళు ఏ హెడ్డింగు నొక్కితే దాని ప్రకారం వరుసలు మారిపోతాయి. పోరు పడలేక సోమవారం పొద్దున్నే గళ్ళాయన టిక్కు పెట్టాడు.

పదింటికి రిసెప్షన్ ఆవిడ రొప్పుతూ వచ్చింది. "నిండు చూలాలిని శవాల గదికి పంపారేంటండీ! ఇదిగో ఆమె ఫోను, నా మీద పడి దెబ్బలాడుతోంది."

గళ్ళాయన ఫోను అందుకుని చూశాడు. ఆ చూలాలు 'సమయం' అన్న హెడ్డింగు నొక్కింది. వరుసలు బుద్ధిగా సమయం ప్రకారం నిలబడ్డాయి. తొమ్మిదింటికి శవాల అప్పగింత, గది నలభై. దాని కింద తొమ్మిదిన్నరకు గర్భిణుల పరీక్ష. గది: పైదే. నిన్నటిదాకా ఆ వరుసకు పైన ఉన్నది స్కానింగు.

మధ్యాహ్నం సూపరింటెండెంటు అందర్నీ పిలిచాడు.

"ఆ టిక్కు వల్లే కదా ఇదంతా? తీయించేద్దాం. ఆ అమ్మాయి కాంట్రాక్టు కూడా ఈ నెలతో సరి. ఏమంటారు?"

రిసెప్షన్ ఆవిడ అవునంది. పక్కనున్న గుమాస్తా అవునన్నాడు. తర్వాతి వంతు గళ్ళాయనది. ఆయన చెయ్యి గుమాస్తా వైపు ఎప్పుడు లేస్తుందా అని సూపరింటెండెంటు ఫైలు మూయబోతూ ఆగాడు. పిల్ల తన గోళ్ళకేసి చూసుకుంటోంది.

గళ్ళాయన రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"టిక్కుది తప్పు కాదండీ. గది నంబరు రాయడానికి బద్ధకించింది నేను. రెండు వందల పద్నాలుగు టేబుళ్ళున్నాయి, ప్రతి గడీ నేనే నింపుతాను. టిక్కు ఉంటుంది. ఈ పిల్లని పంపేట్టయితే ముందు నన్ను పంపండి."