చిడియాటాపు దాకా వెళ్ళి రావలెను

మా బాబాయి మంగళవారం ఉదయం పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లోని స్వగృహంలో ప్రభువునందు నిద్రించారు. ఈ సంగతిని మా పిన్ని నాకు ఫోనులో, "మీ బాబాయి లేవట్లేదురా, ఎంత లేపినా" అనే మాటలతో తెలియజేసింది. అది మరణవార్త అని గ్రహించడానికి నాకు కొంత వ్యవధి పట్టింది. ఆమెకు ఇంకా ఎక్కువ పట్టింది. పెట్రోలు బంకు మూల, చక్రాలకు గాలి పట్టే చోటుకు పక్కగా, బాబాయి ఇన్నేళ్ళూ నిర్వహించిన పొల్యూషన్ పరీక్ష గదికి ఆ రోజు నుంచి తాళం పడింది. మా వైపు వాహనాలు ప్రస్తుతానికి తమ సొంత పూచీ మీద పొగ వదులుతున్నాయని పాఠకులకు విన్నవించుకుంటున్నాను.

బాబాయి ఈ దీవుల్లోనే పుట్టారు. ఆయన తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చి చేపల వ్యాపారం చేసినవాడు. తండ్రి చేపను పరీక్షించినంత శ్రద్ధగా కొడుకు వాహనాల గొట్టాలను పరీక్షించాడు. సరుకు మంచిదా, చెడిందా అన్నది ఇద్దరూ ముందు ముక్కుతోనే తేల్చుకునేవారు. ఆ తరువాత బాబాయి తన మిషను తాలూకు సన్నని కడ్డీని గొట్టంలోకి దించి, తెర మీద అంకెలు నిలకడకు వచ్చేదాకా కళ్ళార్పకుండా చూసేవారు. ముక్కూ మిషనూ ఏకీభవించని రోజుల్లో స్టూలు మీద కూర్చుండిపోయి, బండి యజమానిని కాసేపు తనను ఏమీ అడగవద్దని కోరేవారు.

పెళ్ళిళ్ళకు వెళితే ఆయన అతిథుల ముఖాలకంటే ముందు వారి బండ్ల వెనుక భాగాలు చూసేవారు. పలకరింపు ఆ తరువాత, ఫలితాన్ని బట్టి. వియ్యంకుల మర్యాదల విషయంలో ఇందువల్ల కొన్ని ఇబ్బందులు తలెత్తిన మాట వాస్తవం.

కార్ల కింద అమర్చే కెటలిటిక్ కన్వర్టర్ అనే వస్తువును ఆయన నాకు మూడు సందర్భాల్లో వివరించారు. మూడు వివరణలూ విడివిడిగా బాగానే ఉన్నాయి. కలిపి చూసినప్పుడే నాకు చిక్కు వచ్చింది. మొదటిసారి, గొట్టం మధ్యలో తేనెపట్టులా సన్నని గదులున్న డబ్బా ఒకటి ఉంటుందనీ, ఇంజను వదిలే విషవాయువు అందులోంచే బయటికి వెళ్ళాలనీ చెప్పారు. అంటే జల్లెడ అన్నమాట అని నేను సంగ్రహించాను. ఆయన ముఖం వాడిపోయింది.

"జల్లెడైతే నిండిపోద్ది కదరా. ఇది దేన్నీ పట్టి ఉంచదు. విషాన్ని నీటావిరిగా, ఒట్టి గాలిగా మార్చి పంపించేస్తాది. మారుమనస్సు."

రెండోసారి, ఆ గదుల గోడలకు ప్లాటినం వంటి ఖరీదైన లోహపు పూత ఉంటుందనీ, మార్పు జరిపించేది అదేననీ, అయితే ఆ పనిలో అది ఏమాత్రం ఖర్చు కాదనీ అన్నారు. పని జరిగే చోట ఉంటూ తాము ఏమాత్రం ఖర్చు కానివారిని మా కార్యాలయంలో చూసి ఉన్నందువల్ల ఈ భాగం నాకు సులువుగా అర్థమైంది. మూడోసారి, చల్లగా ఉన్నంతసేపూ అది కూడా ఒట్టి రేకు డబ్బాయేననీ, బాగా వేడెక్కితేగాని పనిలోకి దిగదనీ చెప్పారు. ఇదే విషయాన్ని ఆయన మా పాస్టరుగారికి కూడా విన్నవించగా, మారుమనస్సుకు ఉష్ణోగ్రత షరతు పెట్టడం వాక్యానుసారం కాదని పాస్టరుగారు అభ్యంతరం తెలిపారు. "చల్లగా ఉన్నోళ్ళు మారడం మీరెక్కడైనా చూసేరా, అయ్యగారూ?" అని బాబాయి అడిగారట. తరువాతి ఆదివారం ప్రసంగం నులివెచ్చని విశ్వాసులను గురించి సాగింది. ఎవరు ఎవరి వాదానికి లొంగారన్న విషయంలో సంఘానికి నేటికీ స్పష్టత లేదు.

ఈ వేడి సంగతే బాబాయి వృత్తి జీవితంలోని ప్రధాన సమస్య. మా పోర్ట్ బ్లెయిర్‌లో దూరాలు తక్కువ. బండి ఇంటి దగ్గర బయలుదేరి, లోపలి డబ్బా వేడెక్కేలోపే పరీక్ష గదికి చేరుకుంటుంది, ఫెయిలవుతుంది. అందువల్ల అలా ఫెయిలైన ప్రతి బండినీ ఆయన చిడియాటాపు దాకా పంపేవారు. దీవి దక్షిణపు కొసన, రోడ్డు సముద్రం దగ్గర ఆగిపోయే చోటది. అక్కడిదాకా వెళ్ళి, ఎక్కడా ఇంజను ఆపకుండా తిరిగి రావాలి. కారణం మాత్రం చెప్పేవారు కాదు. కారణం చెప్పిన కొద్దీ జనం మరింత తికమకపడుతున్నారని ఆయన అనుభవం.

చెప్పకపోవడం వల్ల జనం కారణాన్ని తామే సమకూర్చుకున్నారు. సముద్రపు గాలి గొట్టంలో దూరి లోపలి మసిని కడుగుతుందని మా వైపు స్థిరపడింది. కుటుంబాలు టిఫిను డబ్బాలతో బయలుదేరి, చిడియాటాపులో బండిని వెనక్కి తిప్పి, గొట్టం సముద్రానికి ఎదురుగా ఉండేలా నిలిపి, ఇంజను ఆపి, భోజనాలు చేసి, ఓ కునుకు తీసేవి. తిరుగుదారిలో ముసలివాళ్ళను ఇంటి దగ్గర దించి, టీ తాగి, తీరిగ్గా పరీక్షకు వచ్చేవి. బండి మళ్ళీ ఫెయిలయ్యేది. నైరుతి గాలికి పాసవుతాయి గానీ ఈశాన్యపు గాలికి కావని ఒక సిద్ధాంతం కూడా బయలుదేరింది. "వేడి చేసుకు రమ్మంటే ఆరబెట్టుకొస్తన్నారేటిరా వీళ్ళు?" అని బాబాయి ఒకసారి నన్ను అడిగారు. ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలన్న ఆదుర్దా ఉంది.

ఇక సంఘపు వ్యాను విషయం. అది పాత పెట్రోలు వ్యాను. ఆదివారాలు ప్రోతరాపూర్ నుంచి పెద్దవయసు స్త్రీలను ఆరాధనకు తీసుకువస్తుంది. మిగతా రోజుల్లో, అవసరమైనప్పుడు, సీట్లు తీసి సంఘ సభ్యులను సమాధుల తోటకు చేరుస్తుంది. దాని కన్వర్టర్ ఉప్పుగాలికి తుప్పు పట్టి గలగలలాడుతుంటే, ఒక మిస్త్రీ లోపలి తేనెపట్టును రాడ్డుతో పొడిచి రాల్చేసి, ఖాళీ డబ్బాను మళ్ళీ వెల్డింగు చేసి ఇచ్చాడు. శబ్దం పోయింది. పొగ వచ్చింది. బాబాయి పరీక్షించారు, ఫెయిలు. చిడియాటాపు పంపారు, ఫెయిలు. కిందికి దూరి డబ్బాను వేలితో కొట్టి చూసి, బయటికి వచ్చి, చొక్కా దులుపుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ముంగిట అందరి ఎదుటా ఆయన ఒక ప్రకటన చేశారు.

"ఈ బండి పాసయ్యేదాకా నేను బతికుండగా ఎక్కను. చచ్చినా ఎక్కను."

జనం నవ్వారు. పిన్ని నవ్వలేదు. నవ్వకపోయినా వ్యాను ఎక్కడం మాత్రం మానలేదు. ఆమెకు మోకాళ్ళ నొప్పి. ఆ తరువాత ప్రతి ఆదివారమూ డిగ్నాబాద్ ఎత్తు మీద వ్యాను ముందు వెళ్ళేది, వెనుక కిటికీలో పిన్ని, ఆ పొగ సర్దుకున్నాక రుమాలు దులుపుకుంటూ కాలినడకన బాబాయి. వీరిద్దరి మధ్య ఈ విషయమై సంభాషణ జరిగిన దాఖలాలు లేవు.

చివరకు సంఘం తగ్గింది. చెన్నై నుంచి కొత్త కన్వర్టర్ ఓడ మీద వచ్చింది. శనివారం బిగించారు. సోమవారం పరీక్ష చేద్దామని బాబాయి అన్నారు. సోమవారం కరెంటు లేదు, మిషను పని చేయలేదు. మంగళవారం ఆయన లేరు.

కాబట్టి ఆ మధ్యాహ్నం, ఆయన చుట్టూ చేరిన మా ముందు తీరని ప్రశ్న ఒకటే ఉంది. వ్యాను పాసైందా, కాలేదా? పాసు చేయవలసిన అధికారి మంచం మీద తెల్లచొక్కాతో పడుకుని ఉన్నారు. ఆనాటి మాటను కోరికగా పరిగణించాలా, కోపంగా పరిగణించాలా అని పాస్టరుగారు సౌమ్యంగా విచారణ ప్రారంభించారు. ఆసుపత్రి బండిని పిలుద్దామని ఒకరు అంటే, దానికి సర్టిఫికెట్టు ఉందో లేదో అడగమంది పిన్ని. ఫోను చేసినవాడు అడిగాడు కూడా. అవతలివాళ్ళు ఫోను పెట్టేశారు. భుజాల మీద మోసుకుపోదామని మరొకరు అన్నారు గానీ, ఆ ఎత్తులూ, ముసురుకుంటున్న మబ్బూ, మా అందరి వయసులూ చూసి తనే విరమించుకున్నారు.

"ఆయన నన్ను ఏ రోజూ ఏదీ అడగలేదు. ఇదొక్కటే అడిగేరు," అంది పిన్ని. ఆమె స్వరంలో ఏ నాటకీయతా లేదు. ఇది కూడా జరగకపోతే తాను ఆయనకు చేసింది ఏమీ ఉండదన్న భయం మాత్రం ఉంది. దాంతో విచారణ ముగిసింది.

ఊళ్ళో వేరే పరీక్ష గది ఉంది. వ్యాను నడిపే ఆయనను మేమందరం భయ్యా అంటాం. తెలుగువాడే, తెలుగులోనే ప్రార్థన చేస్తాడు, కంగారు మాత్రం హిందీలో పడతాడు. అతనూ నేనూ వెళ్ళాం. దగ్గరి దారిన వెళ్ళాం. వ్యాను ఫెయిలైంది. ఇంటికి తిరిగి వచ్చి, చెప్పలేక చెప్పాను.

పిన్ని ఆశ్చర్యపోలేదు. "బండి చల్లగా ఉంటాది. చిడియాటాపు ఎల్లి రండి. ఆయన ఎక్కడికీ పోరు."

అలా, ఎదురుచూస్తున్న శవాన్నీ, పాటలు పాడుతున్న సంఘాన్నీ ఇంట్లో ఉంచి, సీట్లు తీసేసిన ఖాళీ వ్యానులో మేమిద్దరం చిడియాటాపు బయలుదేరాం. ఏ శాఖ నియమావళి ప్రకారం ఈ ప్రయాణం జరుగుతున్నదో నేను చెప్పలేను. దారిలో ఒక బస్సు పొగ వదులుతూ ఎదురైంది. చిన్నప్పుడు నన్ను బడికి నడిపించుకుపోతూ బాబాయి ఒక్కోసారి నా చెయ్యి మార్చి పట్టుకునేవారు, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు. ఆయనకు నిలకడ లేదనుకునేవాణ్ణి. రాబోయే బస్సు గొట్టం ఏ పక్కన ఉందో చూసి నన్ను రెండో పక్కకు మార్చేవారని, ఎవరూ చెప్పకుండా, ఆ రోడ్డు మీద నాకు తోచింది. నిజమో కాదో ఇప్పుడు నిర్ధారించుకునే వీలు లేదు.

చిడియాటాపులో రోడ్డు అయిపోయింది. భయ్యా వ్యానును జాగ్రత్తగా వెనక్కి తిప్పాడు. గొట్టం సముద్రం వైపు పెట్టాడు. ఇంజను ఆపి, తల వంచి, కళ్ళు మూసుకున్నాడు.

"ఆపేవేంటి భయ్యా?" అన్నాను.

"గాలి తగలనీ. ఆయన అందరికీ ఇదే కదా చెప్పేరు."

ఆయన చెప్పింది సరిగ్గా దీనికి వ్యతిరేకమని నేను మనవి చేసుకున్నాను. అతను కళ్ళు తెరిచి నన్నూ, సముద్రాన్నీ, తాళంచెవినీ చూశాడు. "తో ఫిర్ ఇత్నా దూర్ ఆయే క్యూఁ?" అన్నాడు. మరయితే ఇంత దూరం ఎందుకు వచ్చామన్నది న్యాయమైన సందేహమే. జల్లెడ, మారుమనస్సు, ఖర్చుకాని లోహం, వేడి అని నేను నాకు తెలిసినంత వరకూ వివరించాను. అతను మరింత తికమకపడ్డాడు. బాబాయి ఎందుకు కారణాలు చెప్పేవారు కాదో అప్పుడు అర్థమైంది. "ఇంజను ఆపకు, అంతే," అన్నాను. స్టార్టు చేశాడు. తిరుగుదారిలో ఎక్కడా ఆపలేదు. గేదెలు అడ్డం వచ్చినప్పుడు కూడా వాటితో పాటు మెల్లగా కదిలాడు.

రెండో పరీక్షలో అంకెలు కిందికి, ఇంకా కిందికి దిగి నిలిచాయి. పాస్ అన్నాడు అక్కడి మనిషి. సర్టిఫికెట్టు ప్రింటు కావడానికి మాత్రం నెట్ లేదు, రేపు రమ్మన్నాడు. భయ్యా ఇంజను ఆపలేదు.

పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏటిరా, అయిందా?"

"మిషన్లో పాసయింది పిన్నీ. కాగితం రాలేదు."

సంఘం అంతా ఆమె వంక చూసింది. ఆమె మెట్లు దిగి, మోకాలు పట్టుకుని వ్యాను వెనక్కి నడిచింది. గొట్టం దగ్గర వంగి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా గాలి పీల్చింది. ఆమె ఆ పని చేయడం మేమెవరం ఎన్నడూ చూసి ఎరగం. నడుం నిలబెట్టి, "ఎక్కించండి, బండి చల్లారిపోకముందే" అంది.

ఎక్కించాం. పిన్ని ఆయన పక్కనే, కింద చాప మీద కూర్చుంది.

సమాధుల తోట గేటు దగ్గర కూడా భయ్యా ఇంజను ఆపలేదు. ఆ శబ్దానికి పైన పాస్టరుగారు గొంతు పెంచి వాక్యం చదివారు. పాట పాడాం. తలా పిడికెడు మట్టి వేశాం. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోతుండగా భయ్యా తన సీటులోంచే తల బయటపెట్టి, చాలా మర్యాదగా అడిగాడు.

"అబ్ బంద్ కర్ దూఁ? ఇంక ఆపేయనా?"

నేను పాస్టరుగారి వంక చూశాను. పాస్టరుగారు పిన్ని వంక చూశారు. పిన్ని తడిమట్టి వంక చూస్తూ ఉండిపోయింది, ఆ మాట చెప్పవలసింది అటు వైపు మనిషే అన్నట్టు. చినుకులు మొదలయ్యాయి. గేటు దగ్గర వ్యాను సన్నగా వణుకుతూ నిలబడి ఉంది. దాని గొట్టం కొసన పొగ లేదు. లోపలి నుంచి ఒక్కో నీటిబొట్టే ఊరి, కాసేపు వేలాడి, గడ్డిలోకి జారుతోంది.