మెహరక్క నల్లగౌను

గంజి పెట్టిన తెల్లగుడ్డ మీద వేడి ఇస్త్రీపెట్టె ఆనించగానే ఒక వాసన లేస్తుంది. అన్నం అడుగంటబోయే ముందు వచ్చే వాసన లాంటిది. ప్రొద్దుటూరులో మా కుట్టుకొట్టులో మొన్న ఒక చిన్న తెల్లకాలరును ఇస్త్రీ చేస్తుంటే ఆ వాసన వచ్చి నా చెయ్యి ఆగిపోయింది. ఆ కాలరు నా కూతురి కూతురు హారిక కోసం కత్తిరించింది. హారిక పులివెందులలో డిగ్రీ చదువుతోంది. వారం కిందట వచ్చి ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నల్లగౌను, మెడకు తెల్లకాలరు, చేతుల చివర తెల్లపట్టీలు, ముందు నడుముకు కట్టిన తెల్లగుడ్డ. లేసు తగ్గించమంది, గౌను మోకాళ్లు దాటాలంది, కింద జీన్సు, కాళ్లకు తెల్లబూట్లు వేసుకుంటానంది. కాలేజీకీ, బజారుకూ, ఎక్కడికైనా అదేనట.

"ఇది మెయిడ్ స్టైల్ అవ్వా. ఇప్పుడు అందరూ ఏసుకుంటాండారు."

మెయిడ్ అంటే ఏందని అడిగాను, తెలిసి కూడా.

"పనిమనిషి. నిజం పనిమనిషి కాదులే, ఊరికే స్టైలు."

నేను కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేశానని హారికకు తెలుసు. ఏమి వేసుకొని చేశానో తెలియదు. ఫోనులో ఉన్నది దాదాపు అదే గౌను. నాకు కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. హారిక వెళ్లిన సాయంత్రమే దాని తల్లి సుజాత ఫోను చేసింది. బిడ్డకు ఇంకేదైనా కుట్టిపెట్టు, ఎంత మంచి గుడ్డైనా కొను, ఆ గౌను మాత్రం వద్దు అంది. "నువ్వు ఏసుకున్నిందే చాలు మా" అని, నేను మాట్లాడేలోపే పెట్టేసింది. కుడితే కూతురు బాధపడుతుంది. కుట్టకపోతే ఎందుకు కుట్టలేదో మనుమరాలికి చెప్పాలి. ఆ గౌను సిగ్గుపడవలసినదా, వట్టి గుడ్డేనా అన్నది నాకే ఇంతవరకు తేలలేదు. మెహరక్క ఉంటే అడిగేదాన్ని. ఆమె కూడా రెండు రకాలుగా అర్థమయ్యే మాట ఏదో అనేదిలెండి.

మెహరక్క అసలు పేరు మెహరున్నీసా, అప్పట్లో ఈ కొట్టు యజమానురాలు. పొట్టి మనిషి, బుర్ఖా మీదనే మెడలో టేపు వేలాడుతుండేది. కళ్లజోడు పైనుంచి చూస్తే ఎదుటివాళ్ల భుజాలు సమానంగా ఉన్నాయా లేదా అని చూస్తున్నట్టే ఉండేది. భర్త పోయాక నేను సుజాతను తొండూరులో మా అమ్మ దగ్గర వదిలి కువైట్ వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నాకు ఇల్లు తుడవడం తప్ప ఇంకో పని రాదు, అక్షరం ముక్క రాదు. సుజాతను తెచ్చుకొని ప్రొద్దుటూరులో ఒక గది తీసుకొని, హుక్కులు కుట్టడానికి, అంచులు మడవడానికి మెహరక్క దగ్గర చేరాను. కొలతలు రాసుకోవడం రాకపోతే ఈ పనిలో ముందుకు పోలేవని ఆమె నాకు అక్షరాలు నేర్పింది. పలకా బలపం తేలేదు, కుట్టబోయే గుడ్డ మీదనే సుద్దతో రాసేది. నడుము, భుజం, చెయ్యి, మెడ. సాయంత్రానికి ఆ రాతలన్నీ ఇస్త్రీలో చెరిగిపోయేవి. పొద్దున మళ్లీ ఇంకో గుడ్డ మీద రాసేది. విసుగు లేదా అక్కా అంటే, కుట్టేది రోజూ కుట్టడం లేదా అనేది. అట్లా మనిషి ఒంటి పేర్లతో నాకు చదువు వచ్చింది. ఈ నాలుగు మాటలు రాస్తున్నది ఆ చదువుతోనే.

ఒకరోజు ఆమె పరదేశపు కాలరు ఎట్లా కూర్చుంటుందో చూడాలని ఉందంది. నా పెట్టె అడుగున కువైట్‌లో వేసుకున్న గౌను ఉంది. పారెయ్యకుండా ఎందుకు దాచానో, ఆమెకు చూపించడానికి ఎందుకు తెచ్చానో ఇప్పటికీ చెప్పలేను. మెహరక్క దాన్ని తిరగేసి, కుట్లన్నీ తడుముతూ పోయి, పక్కజేబు దగ్గర ఆగింది.

"ఏమ్మే ఓబులమ్మా, జేబు మూతి ఎవరు కుట్టేసినారు?"

"ఆ ఇంటి అమ్మ కుట్టిచ్చింది కా."

"ఎందుకు?"

"మేమేమన్నా పెట్టుకుంటామని."

నాకు మాట ఆగక ఇంకొకటి కూడా చెప్పాను. కువైట్ నుంచి వచ్చిన రోజున సుజాత నా పెట్టె తెరిచి, చాక్లెట్లు ఉంటాయని ఈ గౌను జేబులోనే చెయ్యి పెట్టబోయింది. వేళ్లు లోపలికి పోలేదు. ఇంకోవైపు చూసింది, అదీ అంతే. చాక్లెట్లు వేరే సంచిలో ఉన్నాయని చెప్పినా అది వినకుండా నా ముఖంలోకి చూసి, ఉత్తుత్తి జేబులు తెచ్చినావా అంది. ఆ తర్వాత శానా రోజులు నా దగ్గరికి రాలేదు.

మెహరక్క బ్లేడు తీసుకొని ఆ దారం ఒక్కో పోగే కోసింది. గుడ్డ చిరగకుండా కోయడానికి సమయం పట్టింది. దగ్గు వచ్చినప్పుడు చప్పరించడానికి ఆమె కలకండ డబ్బా పెట్టుకొనేది. అందులోంచి ఒక ముక్క తీసి కాగితంలో చుట్టి జేబులో వేసింది.

"తీస్కపో. పిల్లని మళ్లా చెయ్యి పెట్టమను."

సుజాత మొదట పెట్టనంది. బలవంతం చేయకుండా గౌనును కొక్కేనికి తగిలించి వంటపనిలో పడ్డాను. కొంతసేపటికి చూస్తే కాగితం కింద పడి ఉంది, పిల్ల తలుపు వెనక ఉంది. కలకండ కొరికే చప్పుడు వినిపించింది. నా ఎదుట తినలేదు. ఆ రోజు నుంచి మా కొట్టులో ఒక ఆచారం నిలిచిపోయింది. ఏ కొత్తబట్టా కలకండ ముక్క లేని వట్టి జేబుతో బయటికి పోకూడదు. జేబు లేని బట్ట అయితే అడిగినా అడగకపోయినా మెహరక్క జేబు పెట్టేది.

ఆ గౌను తీరు చూసే ఆమె తనకొకటి కుట్టుకుంది. పాదాల దాకా నల్లగౌను, కింద సల్వారు, తెల్లకాలరు, తెల్లపట్టీలు. నడుముకు కట్టే గుడ్డను విడిగా పెట్టక ముందుభాగంలో నిలువు పట్టీగా కలిపేసింది. జమ్మలమడుగులో వాళ్ల అన్న కొడుకు పెళ్లికి అదే వేసుకొని వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. ఆడవాళ్ల వైపు బుర్ఖా తీసి కూర్చుందో లేదో, మెడ నిండా బంగారమున్న ఒకామె, పెళ్లికూతురి తరఫు మనిషి, ఇటు చూడకుండానే వేళ్లు ఆడించి చాయ్ తెమ్మంది. పెళ్లికొడుకు మేనత్త అని చెప్పబోతున్న నా చేతిని మెహరక్క గట్టిగా పట్టుకొని ఆపింది. లేచి వెళ్లి చాయ్ తెచ్చింది. సాసర్‌లోకి కొంచెం ఒలికింది. అంతలో ఎవరో చెవిలో ఈమె ఎవరో చెప్పగా ఆ నగలామె ముఖం పాలిపోయి గబగబా లేచి నిలబడింది.

"కూర్చోమ్మా. చాయ్ సల్లారిపోతాది" అంది మెహరక్క.

బస్సులో తిరిగి వస్తూ ఎందుకు చెప్పనియ్యలేదని అడిగాను. ఆమె కిటికీలోంచి నాపరాళ్ల దొంతులను చూస్తూ కూర్చుంది. "ఆమె నన్ను అడిగిందా, గుడ్డను అడిగిందా అని చూస్తాండా" అంది. ఏం తేలిందక్కా అంటే జేబులోంచి వక్కపొడి తీసి నా చేతిలో పోసింది. ఆమె నొచ్చుకుందా, తమాషా చూసిందా? నేను కువైట్ ఇంట్లో ఎన్నేళ్లు ఏమి మోశానో ఒక్క పూట తానూ వేసుకొని చూసిందా? నాకు తెలియదు.

ఇంకా తెలియనిది తర్వాత జరిగింది. కొన్నాళ్లకు ఆ చాయ్ అడిగినామే మా కొట్టు మెట్లెక్కింది. అదే గౌను తనకూ కావాలంది, ఇంటి దగ్గర రోజూ వేసుకోవడానికి. అక్క పంపించేస్తుందనుకున్నాను. మెహరక్క టేపు తీసి కొలతలు చెప్తూ నన్ను రాయమంది. అందరికీ ఎంత శ్రద్ధగా కుడుతుందో అంత శ్రద్ధగానే కుట్టి, జేబు పెట్టి, కలకండ వేసి ఇచ్చింది. ఆమె వెళ్లాక నేను ఉండబట్టలేక, ఈమెకెందుకు కుట్టినావని అడిగాను.

"ఏసుకోనీలే. ఆమెను గూడా ఎవురన్నా చాయ్ అడగనీ."

అది శాపమా, దీవెనా? ముఖం చూస్తే తెలుస్తుందేమో అని చూశాను. అక్క సూదిలోకి దారం ఎక్కించుకుంటోంది.

మెహరక్క పోయాక కొట్టు నా చేతికి వచ్చింది. ఆ ప్రశ్న కూడా నా దగ్గరే ఉండిపోయింది. హారిక బొమ్మ చూపించి వెళ్లాక గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచి, మడిచి, మళ్లీ పరిచాను. ఆ బొమ్మలో జేబులు ఉన్నాయి కదా అని ముందే అడిగి ఉన్నాను. అవి ఊరికే కనిపించేవట, లోపల ఏమీ ఉండదట. "ఉత్తుత్తియే అవ్వా. అట్లనే బాగుంటాది" అంది. దాని తల్లి మాటే దాని నోట్లోంచి వచ్చింది, అది దానికి తెలియదు. కుట్టాలని ఎప్పుడు నిర్ణయించుకున్నానో నాకూ తెలియదు. కత్తెర తీసుకొని మొదట కోసింది మాత్రం కాలరు కాదు, జేబుసంచి.

నిన్న హారిక వచ్చి వేసుకుంది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి ఎట్లుందవ్వా అంది. బాగుందనలేకపోయాను, బాగాలేదనీ అనలేకపోయాను. జేబులో చెయ్యి పెట్టి చూడమన్నాను. మణికట్టు దాకా లోపలికి పోయింది. ఇంత లోతు ఎందుకని నవ్వుతూ కాగితం పొట్లం తీసి, విప్పి, కలకండ నోట్లో వేసుకుంది. తర్వాత తల్లికి ఫోను కలిపి, ఫోనును బల్ల మీద ఆనించి, దూరంగా జరిగి చూపించింది. సుజాత ఫోను అవ్వకు ఇవ్వమంది.

"మా, దానికి జేబు పెట్టినావా?"

"పెట్టినా."

"లోపల?"

"కలకండ."

సుజాత "సరే" అంది. ఫోను పెట్టేసింది. ఆ సరేలో కోపం పోయిందా, అలసట వచ్చిందా, తలుపు వెనక ఉన్న ఆ చిన్నపిల్ల ఇంకా ఉందా, ఏమీ తెలియలేదు. హారిక ఆ గౌను మీదనే పులివెందుల బస్సెక్కింది, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకొని. దారిలో ఎవరైనా దాన్ని చాయ్ తెమ్మంటారేమో అనుకున్నాను. అనకూడదనుకున్నానో, అనాలనుకున్నానో చెప్పలేను.

నేను చీరే కడతాను. చీరకు జేబు ఉండదని మెహరక్క నా లంగాలకు లోపలివైపు జేబులు కుట్టి ఇచ్చేది. లంగాలు పాతబడి చిరిగినా ఆ జేబులు విప్పి కొత్తవాటికి వేసుకొని, మా ఆచారం ప్రకారం ఒక కలకండ ముక్క పెట్టుకుంటున్నాను. బస్సు కనుమరుగయ్యాక కొట్టుకు తిరిగి వచ్చి కూర్చుని ఆ జేబును పైనుంచి తడిమి చూసుకున్నాను. కలకండ ముక్క అక్కడే ఉంది.