శ్రమర్షి గారి పరుపు

పర్చూరు జైనాబీ ఒకే ఒక్క దబ్బనంతో నలుగురు డాక్టరేట్లనీ, ఒక రిటైర్డ్ ప్రిన్సిపాల్‌నీ, పోయి ఇరవై ఏళ్లు దాటిన ఒక మహారచయితనీ ఒకే మధ్యాహ్నం మట్టి కరిపించింది. దబ్బనం అంటే మీ ఇంట్లో గోనెసంచి మూతి కుట్టే బుల్లి ముక్క అనుకునేరు. జానెడు పైనే ఉంటుంది. అది చేతిలో ఉండగా ఆమెతో మాట్లాడాలంటే కలెక్టరు కూడా రెండడుగులు వెనక్కి వేస్తాడు. నేను కళ్లారా చూశాను. కలెక్టర్ని కాదనుకోండి, తహసీల్దారుని. ఆయన దిండ్ల కోసం వచ్చాడు.

నా మాట ఎందుకు నమ్మాలంటారా? ఆ పరుపుని మోసింది నా ట్రాలీ ఆటో. డిగ్రీ రెండో ఏడులో కాలేజీ దగ్గర నాకు చెప్పాల్సిన సరుకు అయిపోయింది కాబట్టి బయటికొచ్చి బండి కొన్నాను. అద్దంకికీ బాపట్లకీ మధ్య నా బండి ఎక్కని బీరువా లేదు.

జైనాబీకి యాభై ఆరేళ్లు. చీరాల రోడ్డు మీద ఎరువుల కొట్టు పక్కన ఆమె పరుపుల కొట్టు. తండ్రి దూదేకుల బుడే. ఆయన విల్లుతో దూది ఏకుతుంటే ఆ టంగు టంగు మోత ఇంకొల్లు దాకా వినపడి, అక్కడి గేదెలు పాలు చేపేవట. జైనాబీ ఏడో తరగతి దాకా చదివింది. పెళ్లై వేటపాలెం వెళ్లి పదేళ్లు జీడిగింజలు కొట్టింది. జీడి కారి అరచేతులు నల్లగా మాడాక, భర్త మొహిద్దీన్ బాషాని వెంటబెట్టుకుని తిరిగొచ్చి, తండ్రి కొట్టు తెరిచింది. విల్లు పోయి మిషను వచ్చింది. బాషా గారు పోయి ఆరేళ్లయింది. ఊళ్లో ఫోము పరుపుల షోరూములు మూడు వెలిశాయి. జైనాబీ మాత్రం అక్కడే ఉంది, కనుబొమల నిండా దూది నూగుతో. ఆ నూగు దులిపి దాచుకుంటే ఏడాదికో దిండు వస్తుంది.

ఇక రెండో మనిషి. శ్రమర్షి చెంచురామయ్య గారు. బిరుదుని బట్టే తెలుస్తోంది కదా, చెమట మీద నలభై పుస్తకాలు రాశారు. ఏ పేజీ పట్టి పిండినా గ్లాసుడు చెమట కారుతుంది. ఆ చెమట ఎవరిదని మాత్రం అడక్కూడదు. మిరపకోతల మీద నవల రాయడానికి గొడుగేసుకుని చేను గట్టు దాకా వెళ్లి, ఘాటుకి పదకొండు తుమ్ములు తుమ్మి, పన్నెండోది ఇంట్లో తుమ్ముదామని వెనక్కి వచ్చేశారని మా తాత చెప్పేవాడు. మా తాతా నా బాపతే, అది వేరే సంగతి.

ఆయన శతజయంతికి ఆయన ఇంటినే మ్యూజియం చేసి ప్రదర్శన పెట్టారు. కమిటీకి కార్యదర్శి త్రినాథ్ గారు, రిటైర్డ్ ప్రిన్సిపాల్, ‘అంటే’ అనకుండా వాక్యం మొదలెట్టలేని మనిషి. సర్దుడంతా చూడ్డానికి బెజవాడ నుంచి బిందుమాధవి అనే అమ్మాయిని పిలిపించారు. మెళ్లో టేపు వేసుకుని తిరిగేది, పనిమంతురాలు. సామానంతా చేరేసింది నేనే. గాజుపెట్టెల్లో ఏమేం పెట్టారో వినండి: కళ్లజోడు, మూడు పెన్నులు, ఆ గొడుగు, నశ్యం డబ్బా, పళ్లసెట్టు. పళ్లసెట్టు కింద చీటీ: ‘ఆయన వాక్కుకు సాక్షి.’ చదివి నేను బయటికెళ్లి నవ్వుకుని మళ్లీ లోపలికొచ్చాను.

హాలు మధ్యలో మాత్రం మంచం. దాని మీద పరుపు. అదే ప్రదర్శనకి ప్రాణం. ఎందుకంటే శ్రమర్షి గారు ఆత్మకథలో నూట పన్నెండో పేజీలో రాసుకున్నారు: పంతొమ్మిది వందల ఎనభైలో ఒక ఆదివారం భోంచేసి కూర్చుని, తన చేతులతో దూది ఏకి, తన చేతులతో కుట్టి, పొద్దు వాలేసరికి ఆ పరుపు మీద నడుం వాల్చారట. నలభై ఏళ్లుగా సాహితీ సభల్లో ఈ ఆదివారం గురించి చెప్పి కళ్లు తుడుచుకోని వక్త లేడు. మంచం పక్కన ఆ పేజీ తెరిచి పెట్టారు. గోడకి పెద్దక్షరాలతో చీటీ కూడా తగిలించారు: ‘శ్రమర్షి స్వహస్తాలతో ఏకి కుట్టుకున్న పరుపు.’

చిక్కేమిటంటే ఆ పరుపుని ఎలుకలు సగం సాహిత్యపరంగా ఆస్వాదించేశాయి. మిగతా సగం గడ్డ కట్టింది. ప్రారంభం ఇంకో నాలుగు రోజులుందనగా, దూది ఏకించి మళ్లీ కుట్టించమని నా బండిలో వేసి జైనాబీ కొట్టుకి పంపారు.

ఆమె పరుపు దింపించుకుని, ఒక మూల చిరిగిన గుడ్డ ఎత్తి, లోపలి కుట్టు చూసింది. మూలమూలకీ ముడి కింద ఎర్రదారం పోగు దాచిపెట్టి ఉంది.

“ఒరేయ్, ఇది ఎవరింటి నుంచి తెచ్చావు?”

“చెంచురామయ్య గారిది అక్కా. స్వహస్తాలు.”

“ఎవరి హస్తాలూ? ఇది మా ఇంట్లో తయారైందిరా. ఎర్రపోగు మావాళ్లు తప్ప ఎవరూ వెయ్యరు. అప్పుడు నాకు పదకొండేళ్లు. దీన్ని రిక్షా ఎక్కిస్తుంటే ఒక కొస నేను పట్టుకున్నా.”

దూది ఎండబెట్టింది, ఏకింది, నాలుగు మూటలు కట్టింది. ప్రారంభానికి ముందురోజు పొద్దున, మ్యూజియం హాల్లోనే కూర్చుని కుడదామని వచ్చింది. పెద్ద పరుపు ఎప్పుడూ ఇంటికొచ్చి కుట్టడమే ఆమె పద్ధతి. మూటలు దించుకుని తలెత్తేసరికి గోడ మీద చీటీ కనపడింది. చదివింది. ఇంకోసారి చదివింది.

“సారూ, ఈ చీటీ మార్చాల.”

త్రినాథ్ గారు నవ్వారు, ట్యూషను పిల్లవాణ్ణి చూసి నవ్వినట్టు. “అంటే, అమ్మా, అది ఆయన ఆత్మకథలో ఉన్న మాట.”

“ఆయన రాసుకుంటే రాసుకున్నాడు. చేసినోళ్ల పేరు రాయండి. కుట్టేసి పోతా.”

“అంటే, సాక్ష్యం ఏముందమ్మా?”

ఆమె ఖాళీ గలేబు తిరగేసి ఎర్రపోగు చూపించింది. త్రినాథ్ గారు కళ్లజోడు సవరించుకుని పోగు వంకా, పుస్తకం వంకా చూశారు. పుస్తకం బరువెక్కువ.

“అంటే, ఇక్కడ పరుపు ముఖ్యం కాదు. అది శ్రమకి ప్రతీక. ఎవరు కుట్టారన్నది చిన్న విషయం.”

“చిన్న విషయమైతే రాయడానికి మీకేం నొప్పి?” అని, దబ్బనం దారం చుట్టకి గుచ్చి, చుట్ట సంచిలో వేసుకుని, “పేరు రాసినాక కబురు పెట్టండి” అని వెళ్లిపోయింది. నడిచి వెళ్లింది, బండి ఎక్కమన్నా ఎక్కలేదు.

కమిటీ వారు ఫోన్లు అందుకున్నారు. చీరాలలో ఒకడు స్ప్రింగు పరుపైతే గంటలో పంపుతానన్నాడు. చిలకలూరిపేటలో ఒకడు దూదా అని అడిగి చాలాసేపు నవ్వాడట. అప్పుడు సాహిత్యంలో డాక్టరేట్లున్న నలుగురు సభ్యులు సభ తీర్చారు. ఒకాయన లేచి, శ్రమర్షి ఒక్కరే ఒక పూటలో చేసిన పని మనం నలుగురం చేయలేమా అన్నారు. నేను గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. సినిమాకి కూడా అంత ముందు వెళ్లి కూర్చోలేదెప్పుడూ.

మీకు తెలీకపోతే చెబుతున్నాను, ఏకిన దూది ఉంటుందే, అది మూట విప్పేదాకానే మాట వింటుంది. విప్పారు. గుప్పెడు దూది గంపెడైంది. నాలుగు మూటలూ విప్పేసరికి మంచం కనపడ్డం మానేసింది, తర్వాత గొడుగున్న గాజుపెట్టె, తర్వాత పొట్టి డాక్టరేటు గారు. ఆయన్ని చొక్కా కాలరు పట్టుకుని పైకి లాగాల్సి వచ్చింది. ఉక్కగా ఉందని ఎవరో మహానుభావుడు ఫ్యాను వేశాడు. ఇక చూసుకోండి! కార్తీకంలో మా పత్తి చేలల్లో కూడా అంత తెలుపు లేదు. ఇస్త్రీ లాల్చీలు, మీసాలు, పళ్లసెట్టు పెట్టె, అన్నీ దూది. త్రినాథ్ గారు నోరు తెరిచి “అంటే” అనగానే ‘అం’ బయటికొచ్చింది, ‘టే’ దూదిలో ఆగిపోయింది.

బిందుమాధవి ఫ్యాను కట్టేసి, నూట పన్నెండో పేజీ తీసి గట్టిగా చదవడం మొదలెట్టింది, వంటల పుస్తకం చదివినట్టు. “‘భోంచేసి కూర్చున్నాను’ అని ఉంది సార్. తర్వాత ‘పరుపు సిద్ధమైంది’ అని ఉంది. మధ్యలో ఏం చెయ్యాలో లేదు.”

“అంటే, మధ్యలో సౌందర్యం ఉందమ్మా.”

“సౌందర్యం కాదు సార్, మూల ముందు నింపాలా, మధ్య ముందు నింపాలా?”

ఎవరికీ తెలీదు. మధ్యలో నింపారు. మూడు గంటలు కుక్కి, మూతి కుట్టి, మంచం మీద పెడితే, అది పరుపులా లేదు. మేకను మింగిన కొండచిలువలా ఉంది. సగం దూది ఇంకా నేల మీదే మిగిలింది. దాన్ని చదును చేద్దామని త్రినాథ్ గారే చెప్పులు విడిచి పైకెక్కి వెల్లకిలా పడుకున్నారు. కుట్టు ఫట్టుమని, అటు తలా ఇటు కాళ్లూ పెట్టి ఆయన లోపలికి దిగిపోయారు. నలుగురు డాక్టరేట్లు నాలుగు వైపులా పట్టి లాగారు. ఆ క్షణంలో శతజయంతి కమిటీ మొత్తం జీవితంలో మొదటిసారి శ్రమ చేసిందని నేను సాక్ష్యం చెప్పగలను. నలభై పుస్తకాల్లో లేనంత చెమట ఆ ఒక్క గదిలో చూశాను.

బయటపడ్డాక ఆయన చాలాసేపు మంచం పట్టె మీద కూర్చుని నూట పన్నెండో పేజీ చూశారు. “ఒక్కరే, ఒక్క పూటలో…” అన్నారు. ఈసారి ముందు ‘అంటే’ లేదు. తర్వాత బిందుమాధవితో, “కొత్త చీటీ తయారు చెయ్యమ్మా” అన్నారు.

ఆ అమ్మాయి చీటీ అచ్చు వేయించుకుని నా బండెక్కింది. ఇద్దరం జైనాబీ కొట్టుకి వెళ్లేసరికి నాలుగయింది. చీటీ మీద ఇలా ఉంది: ‘ఈ పరుపు తయారుచేసినది: దూదేకుల బుడే, పర్చూరు.’ జైనాబీ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. ఆ అమ్మాయితో గొంతు తగ్గించి ఏదో అంది, ఆ అమ్మాయి తలూపింది. మిషను హోరులో నాకు వినపడలేదు. కృతజ్ఞతలు చెప్పుకుని ఉంటుంది. సంచి తీసుకుని బండెక్కింది.

ఇక ఆమె పని చూడాలి. ముందు నాలుగు మూలలూ నింపింది, పిల్లలకి ముద్దలు పెట్టినట్టు. సన్నపాటి కర్రతో నాలుగు దెబ్బలు వేసేసరికి దూది ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయింది. తర్వాత దబ్బనం. పైనుంచి దిగడం కనపడింది, కింద నుంచి రావడం కనపడలేదు, అంత జోరు. డాక్టరేట్లు గోడకి ఆనుకుని నోట్సు రాసుకున్నంత శ్రద్ధగా చూశారు. దీపాల వేళకి పరుపు సిద్ధం. నీళ్లు నిండిన చెరువులా సమంగా ఉంది, మూలమూలకీ ఎర్రపోగు. బుడే విద్యంతా కూతురి వేళ్లలోకి దిగింది, సందేహం లేదు.

మర్నాడు ప్రారంభానికి జనం చీరాల రోడ్డు దాకా క్యూ కట్టారు. పళ్లసెట్టు దగ్గర ఆగినవాడు ఒక్కడు లేడు. అందరూ ‘దూదేకుల బుడే’ చీటీ ముందే ఫొటోలు. ఆత్మకథని నూట పన్నెండో పేజీ నుంచి జరిపి, ఆయన కాశీయాత్ర ఉన్న పేజీ తెరిచి పెట్టారు. కాశీకైనా ఆయన వెళ్లారో లేదో ఎవరు చూడొచ్చారు! పర్చూరులో ఒక మనిషికి న్యాయం జరగడం నేను చూడ్డం అదే మొదలు. కుట్టినవాడి పేరు గోడకెక్కింది, రాసినవాడి గొప్ప నేల కూలింది.

ఇదంతా రాసి, మొన్న జైనాబీ కొట్టుకి పట్టుకెళ్లి, మిషను ఆపించి, మొదట్నించి చివరిదాకా చదివి వినిపించాను. గేదెలు పాలు చేపిన చోట కూడా ఆమె నవ్వలేదు. అంతా అయ్యాక మిషను మీట మీద చెయ్యి వేసి అంది:

“మా నాన్న కుట్టలేదురా. దూది ఏకేవాడు, అంతే. ఆయనకి దబ్బనంలో దారం ఎక్కించడం కూడా రాదు. ఆ పరుపు కుట్టింది మా అమ్మ హయాత్‌బీ. నాకు నేర్పిందీ ఆమే. ఆ రోజు ఆ పిల్లని అడిగింది అదే, చీటీ మీద రెండు పేర్లు కావాలని. ఒకటే పెట్టారు, రెండోది మర్నాడు పెడతామన్నారు. నెలయింది. ఇంకా పెట్టలా.”