బదరీలో వెంకటరత్నం వండిన అన్నం

తెనాలి చుట్టుపక్కల పెళ్లంటే వంటకి వెంకటరత్నాన్నే పిలిచేవాళ్లు. ఐదొందల మందికి వండినా అన్నం ఒక్కనాడూ పలుకవలేదు, చిమడలేదు. ఎసరు పొంగే తీరు చూసి వార్చడమే తప్ప మెతుకు పట్టి చూడడు. ఎవరైనా చూడమంటే ఒంటికాలిమీద లేచేవాడు. "పొంగు చూస్తే తెలీదేంటండీ?" అనేవాడు. ఆ పొగరు నాకు భలే నచ్చేది.

ఓసారి రేపల్లెలో పెళ్లికి వండుతుండగా, ఇంట్లో తల్లి పోయిందని కబురొచ్చింది. అప్పటికి పంక్తులు సగంలో ఉన్నాయి. బయటపెడితే మైలని అంత వంటా పారబోస్తారు. నోరు మెదపకుండా వడ్డన అంతా కానిచ్చాక కదిలాడు. ఆ తప్పు కడుక్కోవాలంటే బదరీలో, బ్రహ్మకపాలం దగ్గర అమ్మకి పిండం పెట్టాలని పట్టుబట్టాడు. చేతిలో చూస్తే ఛార్జీలకి కూడా లేవు. డెబ్భై ఒకటిలో హనుమంతరావుగారి యాత్రా బృందంలో వంటవాడిగా కుదిరాడు. బాపట్ల నుంచి నేనూ మా అమ్మా కలిశాం.

కొండమీదికి సాయంత్రం చేరాం. ఆ పూట హోటల్లో రొట్టెలే తిన్నాం. దారి ఇరుకు కాబట్టి బస్సుల్ని గేటు తీసే వేళకే కొండ దిగనిస్తారు. మర్నాడు మా గేటు పదకొండింటికి.

పొద్దున్నే, పిండాలకి గుడి నుంచి వచ్చే అన్నం ఆ పూటకి అయిపోయిందని కర్మ చేయించే పండా చెబితే వెంకటరత్నం సంబరపడ్డాడు. "మంచిదేనండీ, మా అమ్మకి నా చేతి అన్నమే పెడతా" అన్నాడు. ఎసరు ఇట్టే పొంగింది. అంత ఎత్తులో నీళ్లు తొందరగా పొంగుతాయనీ, ఆ వేడికి బియ్యం ఉడకడానికి ఎక్కువసేపు పడుతుందనీ మాలో ఒక్కరికీ తెలీదు. ఎప్పటిలాగే పొంగు చూసి వార్చేశాడు.

నువ్వులు కలిపి పిసికితే ముద్ద కట్టలేదు. మెతుకు నడుమ బియ్యం బియ్యంలాగే ఉంది. పండా మాత్రం పర్వాలేదు, పెట్టెయ్యమన్నాడు. ఇక్కడ పెట్టాక ఇంకెక్కడా పెట్టే పని లేదని కూడా చెప్పాడు. అమ్మకి పెట్టే ఆఖరి ముద్ద ఇదేనని వెంకటరత్నానికి అర్థమైంది.

"గంటసేపు ఆగండి బాబూ, మళ్లీ వండుకొస్తా" అని హనుమంతరావుగారి చేతులు పట్టుకున్నాడు.

"గేటు పడిపోద్దయ్యా! హరిద్వారంలో రైలు తప్పితే నలభై మందిని నేనేం చెయ్యను?"

ఆయన మాటా నిజమే. పక్కన నిలబడి మేమందరం తొందరపెట్టాం. చలికి మా అమ్మకి ఊపిరాడటం లేదు, అందుకని నా గొంతే అందరికన్నా పెద్దగా లేచింది. ఇప్పటికీ సిగ్గేస్తుంది. వెంకటరత్నం ఆ విడివిడి మెతుకుల్నే దోసిట్లో కుప్పచేసి పెట్టాడు.

బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. ఉండబట్టలేక, "పెట్టారు కదండీ, అమ్మగారికి అందుద్ది లెండి" అన్నాను.

"పళ్లు లేని మనిషండీ. ఆ అన్నం ఎలా నములుతుంది?" అన్నాడు.