అక్క డంపర్ ఎక్కింది

అక్క డంపర్ పరీక్ష పాసైన వారానికి, ఆదివారం పూట, మా క్వార్టర్‌లో చుట్టాలకు భోజనాలు పెట్టుకున్నాం.

మా బాపు బొగ్గుబాయి కార్మికుడు. గనిలో పైకప్పు కూలి కాలు విరిగాక ఆయన కొలువు అక్కకు వచ్చింది. గోదావరిఖనిలో గనుల కంపెనీ ఆఫీసులో ఆరేళ్లు ఫైళ్లు మోసింది, టీలు అందించింది. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి, బొగ్గు మోసే డంపర్లు నడపడానికి ఆడవాళ్లూ దరఖాస్తు పెట్టుకోవచ్చని నోటీసు పడ్డ రోజున, ఇంట్లో ఎవరినీ అడగకుండా పేరు ఇచ్చి వచ్చింది. అప్పటికి ఆమెకు స్కూటీ కూడా రాదు. నేను నవ్వాను. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బాపు నవ్వలేదు.

“నేను బాయిల దిగింది మీరు దిగొద్దనే గద బిడ్డా,” అన్నాడు.

“నేను దిగుత లేను బాపు, ఎక్కుతున్న,” అంది అక్క.

ఆ తర్వాత ఆయన ఆ మాటే ఎత్తలేదు.

స్కూటీ నేనే నేర్పాను. స్కూలు గ్రౌండులో రెండుసార్లు పడి మోచేయి గీరుకుంది. తర్వాత లారీ నేర్చుకుని హెవీ లైసెన్సు తెచ్చుకుంది. డంపర్ శిక్షణలోకి వెళ్లాక గానీ అసలు కష్టం తెలియలేదు. ఇల్లంత బండిని వెనక్కి నడిపి, మట్టి నింపే షవల్ పక్కన సరిగ్గా ఆపాలి. మొదటి పరీక్షలో వంకరగా ఆపి ఫెయిలైంది. ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు డ్యూటీకి వెళ్లి, శిక్షణ ఇచ్చే పెద్దాయనను మళ్లీ మొదటి నుంచి చెప్పమని అడిగింది. “ఆగమాగం కాకు చెల్లే, అద్దంల చూసుకుంట మెల్లగ తియ్యి,” అన్నాడట. నాలుగు నెలలు అదే పని. రెండోసారి పాసైంది.

ఆదివారం రామకృష్ణాపూర్ నుంచి మామ కుటుంబంతో వచ్చాడు. బగారన్నం, మటన్ కూర తిన్నాక, “ఎట్ల నడుపుతవో జర చెప్పరాదు,” అని అక్కను అడిగాడు. అక్క అన్నం గిన్నెను షవల్ అనుకోమంది. పీటను డంపర్ చేసి, దాన్ని వెనక్కి జరుపుతూ చూపించసాగింది.

గోడకు ఆనుకుని కూర్చున్న బాపు ముందుకు జరిగాడు.

“ఎనుక మనిషి నిలవడితే కనవడతడా?”

“మరీ దగ్గరుంటే కనవడడు బాపు. అందుకే హారన్ కొట్టి, ఆగి, చూసుకొని తియ్యాలె.”

“బ్రేకు వడకపోతే?”

“ఇంకో బ్రేకు ఉంటది. అదీ వడకపోతే పక్కన మట్టికట్టకు ఆనిస్తం.”

వానకు దారి జారితే ఏం చేస్తావన్నాడు. దుమ్ములో ఎదుటి బండి కనబడకపోతే ఎట్లా అన్నాడు. ఇన్ని నెలలూ ఆయన కోపంతో కాదు, ఈ భయాలతో నోరు మూసుకున్నాడని నాకు అప్పుడు తెలిసింది. అక్క దేనికీ తడుముకోలేదు. చివరికి బాపు మామ వైపు తిరిగాడు.

“దీనికి అంత ఎరుకే బావా. మనకే ఎరుక లేదు.”

అక్క నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. వంటింట్లోంచి అమ్మ, “అడుగుడు అయిపోతే చెప్పుండ్రి, పాశం చల్లారుతున్నది,” అంది. అందరం ఒక్కసారే నవ్వేశాం. బాపు ఆ రోజు రెండు గిన్నెల పాయసం తిన్నాడు.

మర్నాడు అక్కది పొద్దుటి షిఫ్టు. బాపు కుంటుకుంటూనే బస్సు ఆగే చోటి దాకా ఆమె వెంట నడిచి వెళ్లాడు.